మూడు మూతలు

ఎమ్మెస్సీ జువాలజీ రెండో ఏడాది ప్రాజెక్టు కోసం మేడమ్ దగ్గర చేరిన రోజు, ఆవిడ ఒక స్టీలు ట్రే తెచ్చి నా ముందు పెట్టారు. అందులో పదిహేను నమూనాలు. కొన్ని ఎండిపోయిన గుల్లలు, కొన్ని సీసాల్లో ఫార్మలిన్‌లో మునిగి ఉన్నవి, ఒకటి ఆ ఉదయమే చేపల మార్కెట్లో కొన్న స్క్విడ్. దేనిమీదా పేరు లేదు.

"పుస్తకం ముట్టుకోకు. ఏది దేనికి చుట్టమో నీకు తోచినట్టు కుప్పలు పెట్టు. ఎందుకలా పెట్టావో ఒక కాగితం మీద రాసివ్వు" అన్నారు.

మాది సాలూరు. విశాఖపట్నం వచ్చేదాకా సముద్రజీవులంటే నాకు తెలిసింది సంతలో అమ్మే ఎండు నెత్తళ్ళు, రొయ్యపొట్టు. డిగ్రీలో అకశేరుకాల పేపర్లో మంచి మార్కులే వచ్చాయి కానీ అవన్నీ బొమ్మలు చూసి గీసిన బొమ్మలకు వచ్చిన మార్కులు. సిలబస్‌లోంచి డిసెక్షన్లు తీసేశాక చదివిన బ్యాచ్ మాది. ఆ ట్రేలో ఉన్నవాటిని చేత్తో పట్టుకుని తిప్పి చూడటం అదే మొదలు.

గంటలో నాలుగు కుప్పలు పెట్టేశాను. రాయికో చెక్కకో అతుక్కుని గట్టి పెంకు ఉన్నవన్నీ ఒక కుప్ప: టోపీలా ఉండే లింపెట్ గుల్ల, వీపున పలకలు వరుసగా పేర్చినట్టుండే ఖైటన్, బార్నకిల్స్ అనే చిన్న గుల్లలు పట్టిన చెక్క ముక్క, తెల్లటి గొట్టాలు మెలికలు తిరిగి అల్లుకున్న రెండు రాళ్ళు. మెత్తగా ఉన్నవి రెండో కుప్ప: స్క్విడ్, జెల్లీ చేప, స్పాంజి, సీసాలో ఉన్న సీ స్క్వర్ట్ అనే సంచి లాంటి జీవి. ముళ్ళో, నక్షత్రం గుర్తో ఉన్నవి మూడోది: బంతిలా ముళ్ళతో ఉండే సముద్రపు అర్చిన్, బిళ్ళలా ఉండే శాండ్ డాలర్, నక్షత్ర చేప. కీళ్ళ కాళ్ళున్నవి నాలుగోది: రొయ్య, పీత, స్క్విల్లా.

కాగితం చదివి మేడమ్ ఒక్క మాట కూడా అనలేదు. "ఇది పారేయకు. రికార్డు పుస్తకంలో మొదటి పేజీలో అతికించు" అన్నారు, అంతే. ఆ తర్వాత ఏడు నెలల పాటు నేను చేసిన పనంతా ఆ నాలుగు కుప్పల్ని ఒక్కొక్కటిగా విప్పుకోవడమే.

మొదట విడిపోయింది స్క్విడ్. వంటకు అమ్మే సరుకు కాబట్టి దాన్ని కోయడానికి ఏ అడ్డూ లేదు. గరాటు ఉన్న వైపు పైకి ఉండేట్టు వెల్లకిలా పడుకోబెట్టి, సంచి లాంటి ప్రావారాన్ని అంచు నుంచి తోక దాకా మధ్యలో కత్తిరించాలి. కత్తెర మొన పైకి ఎత్తి పట్టుకోకపోతే కింద ఉన్న సిరా తిత్తి తెగుతుంది. నా మొదటి స్క్విడ్‌కు అదే జరిగి లోపలి భాగాలన్నీ నల్లగా అయిపోయాయి. రెండోదాన్ని నీళ్ళలో ఉంచి నెమ్మదిగా కోశాను. ప్రావారం రెండు పక్కలకీ తెరుచుకోగానే ఈకల్లాంటి రెండు మొప్పలు, ఒక్కో మొప్ప మొదట్లో ఒక్కో చిన్న గుండె, వాటి మధ్య మూడో గుండె. మొప్పల దగ్గరి రెండూ రక్తాన్ని మొప్పల్లోకి నెడతాయి, మధ్యది ఒళ్ళంతటికీ పంపుతుంది. మన రక్తంలో ఇనుము చేసే పని దాని రక్తంలో రాగి చేస్తుంది, అందుకే ఆక్సిజన్ అందితే ఆ రక్తం నీలంగా మారుతుంది. పుస్తకంలో ఈ వాక్యం పదిసార్లు చదివాను. మూడు గుండెల్నీ సూది మొనతో తాకి లెక్కపెట్టినప్పుడు గానీ అది నాకు నిజం కాలేదు.

ఆ తర్వాత వీపు వైపు నుంచి పారదర్శకంగా, ప్లాస్టిక్ ఈకలా ఉన్న ఒక ముక్క బయటకు లాగాను. మేడమ్ దాన్ని వెలుతురుకు పట్టి "ఇది దీని గుల్ల" అన్నారు. నత్త ఒంటి మీద మోసే గుల్లే స్క్విడ్‌లో లోపలికి పోయి ఇలా పలచబడింది. కటిల్‌ఫిష్‌లో అదే తెల్లటి సుద్దపలకలా ఉంటుంది. సముద్రఫేనం పేరుతో ఆయుర్వేద దుకాణాల్లో దొరికేదీ, లవ్‌బర్డ్స్ పంజరంలో కట్టేదీ అదే. చిలక ముక్కులాంటి దాని నోటిని విప్పి, లోపలి కండను పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేసి రాత్రంతా ఉంచాను. పొద్దునకి కండ కరిగిపోయి రిబ్బను లాంటి సన్నటి పట్టీ మిగిలింది. మైక్రోస్కోపు కింద పెడితే వరుసలు వరుసలుగా పళ్ళు. ఇదే రాడ్యులా. పక్క స్లైడు మీద మేడమ్ ఎప్పుడో తయారుచేసిన లింపెట్ రాడ్యులా, దాని పక్కన ఖైటన్‌ది. ఖైటన్ పళ్ళ కొనలు నల్లగా ఉన్నాయి, అది మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం. రాయిని గీకి నాచు తినే జీవి కాబట్టి పళ్ళకి ఇనుము తొడుక్కుంది. మూడు జీవులు, పైకి ఎక్కడా పోలిక లేదు, కానీ ముగ్గురి నోట్లోనూ అదే పట్టీ. మెత్తటి కుప్పలోంచి స్క్విడ్‌ను తీసి లింపెట్ పక్కన పెట్టాను. వర్గం మొలస్కా, అంటే నత్తలు, ఆల్చిప్పల వర్గం.

అలా అయితే అంటుకున్న కుప్ప మొత్తం మొలస్కాయే అని తేల్చుకుని బార్నకిల్స్ జోలికి వెళ్ళాను. వాటి కోసం ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళమన్నారు. బోట్లను ఒడ్డుకు లాగి అడుగుభాగం గీకి రంగులు వేసే చోట కావలసినన్ని దొరుకుతాయి, రాళ్ళ మీద బతికున్నవాటిని పీకాల్సిన పని లేదు. ఈ విషయంలో మేడమ్ చాలా కచ్చితం. కొన్నిటిని చట్టమే ముట్టుకోనివ్వదు, ఉదాహరణకు సముద్ర దోసకాయలన్నిటికీ వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. చట్టం అడ్డు లేనివాటిని కూడా అవసరానికి మించి తేవద్దనేవారు.

గీకి కింద పోసిన గుల్లల్ని నేను ఏరుతుంటే, బోటుకు పని చేస్తున్న పెద్దాయన కాసేపు చూసి అడిగాడు.

"ఏటమ్మా, ఈ గుల్లలేటి సేసుకుంటావు? సున్నానికి కూడా పనికిరావు."

"చదువు కోసం బాబాయ్. నత్తలు, ఆల్చిప్పలు ఉంటాయి కదా, ఆ కుటుంబమే ఇదీ" అన్నాను.

ఆయన ఇంకా ఊడని గుల్ల ఒకటి చూసి, దాని మూత పక్కనుంచి ఇనుప గీకుడు మొన దూర్చి తెరిచాడు. "నత్తయితే కాళ్ళెందుకుంటాయమ్మా? సూడు. రొయ్యలాటిదిది. ఒక్క ఏడాది గీకకపోతే బోటు నడవదు, డీజిల్ తాగేస్తాది" అన్నాడు. ఆ లోపల సన్నగా, వంకర్లు తిరిగి, కీళ్ళు కీళ్ళుగా ఉన్న కాళ్ళు. ల్యాబ్‌కి వచ్చి సూదితో విడదీసి లెక్కపెట్టాను, ఆరు జతలు, ఒక్కోటీ రెండేసి పాయలు.

ఎంతో కాలంగా బోట్లు గీకుతున్న ఆ చేతులకు తెలిసిన సంగతి శాస్త్రం పుస్తకాల్లోకి రావడానికి చాలా కాలం పట్టింది. జీవులకు పేర్లు పెట్టే పద్ధతి స్థిరపరిచిన లిన్నేయస్ గానీ, ఆయన తర్వాత శరీర నిర్మాణ శాస్త్రంలో అంత పేరున్న కువియే గానీ బార్నకిల్‌ను మొలస్కాలతోనే పెట్టారు. వాళ్ళు చూసింది గుల్లని. ఐర్లండ్‌లోని కార్క్‌లో సైనిక వైద్యుడిగా ఉన్న జాన్ వాన్ థాంప్సన్ సముద్రపు నీటిని సన్నటి వలతో వడగట్టి, అందులో ఈదే పిల్లజీవుల్ని సీసాలో పెంచి చూశాడు. అవి అడుగుకు అంటుకుని బార్నకిల్స్‌గా మారాయి. 1830లో ఆ సంగతి ప్రచురించాడు. ఆ తర్వాత డార్విన్ 1846 నుంచి 1854 దాకా, ఎనిమిదేళ్ళు, బార్నకిల్స్ మీదే కూర్చున్నాడు.

నేను కూడా హార్బర్ నీటిని ప్లాంక్టన్ వలతో వడగట్టి తెచ్చుకున్నాను. మూడో రోజు స్లైడు మీద అది కనబడింది: డాలు ఆకారంలో ఒళ్ళు, ముందు రెండు మూలల్లో రెండు కొమ్ములు, మూడు జతల కాళ్ళు, మధ్యలో ఒకే కన్ను. నాప్లియస్ అనే తొలి పిల్లదశ. ఆ కొమ్ములే బార్నకిల్ పిల్లకు గుర్తు. మా పెద్దమ్మగారి అబ్బాయి భీమిలి వైపు రొయ్యల హేచరీలో పనిచేస్తాడు. ఫోటో పంపితే వెంటనే ఫోన్ చేసి "ఇది మా నాప్లిలాగే ఉందే, కొమ్ములెందుకొచ్చాయి?" అని అడిగాడు. హేచరీలో వాళ్ళు రోజూ కొనేదీ లెక్కపెట్టేదీ రొయ్య నాప్లియస్‌లనే కదా. రొయ్యా బార్నకిలూ మొదట ఒకే రూపంతో మొదలవుతాయి. రొయ్య ఈదుతూ పెరుగుతుంది. బార్నకిల్ పిల్ల కొన్నాళ్ళకి సైప్రిడ్ అనే దశకు వచ్చి తిండి మానేసి, చోటు వెతుక్కుని, తన స్పర్శశృంగాల దగ్గర ఊరే జిగురుతో తల కిందుగా అతుక్కుంటుంది. చుట్టూ గోడ కట్టుకుని, మిగతా జీవితమంతా కాళ్ళతో నీటిలోని తిండిని నోట్లోకి తోసుకుంటూ గడుపుతుంది. ఆ నాప్లియస్ చూసిన రోజు నేను హాస్టల్‌కి వెళ్ళి అన్నం తినలేదు, సంతోషంతో ఆకలి వేయలేదు. బార్నకిల్ చెక్కను తీసి రొయ్య పక్కన పెట్టాను. వర్గం ఆర్థ్రోపొడా, కీళ్ళ కాళ్ళున్నవాటిది.

మెత్తటి కుప్ప కూడా చెదిరింది. స్పాంజి ముక్కను బ్లీచింగ్ ద్రావణంలో వేస్తే కండ కరిగి, గాజు సూదుల్లాంటి కంటకాలు మిగిలాయి. దాని వర్గం పొరిఫెరా, ఒంటరిగానే ఉండిపోయింది. జెల్లీ చేపది నిడేరియా అనే వర్గం. నన్ను ఆశ్చర్యపరిచింది సీ స్క్వర్ట్. తోలుసంచిలా, రెండు రంధ్రాలతో, స్పాంజికి చుట్టంలా కనిపించిన ఆ జీవి పిల్లదశలో తోకతో ఈదుతుంది, ఆ తోకలో పృష్ఠవంశం (నోటోకార్డ్) ఉంటుంది, వెన్నెముక ఉన్న జీవుల పిండాల్లో వెన్నెముక కంటే ముందు వచ్చే కడ్డీ అదే. 1866లో రష్యన్ శాస్త్రవేత్త కొవలెవ్స్కీ దీన్ని చూపించాడు. అంటే ట్రేలో ఉన్న పదిహేనింటిలో మనకి అన్నిటికంటే దగ్గరి చుట్టం అదే, రాయికి అంటుకుని కదలకుండా బతికే సంచి.

అర్చిన్‌కి నేను ఇంకో వారం ఇచ్చాను. ఇవ్వాల్సిన అవసరం లేదు, నా మూడో కుప్ప ఎలాగూ సరైనదే. కానీ అది అంత అందంగా ఉంటుందని నేను అనుకోలేదు. వలల్లో పడి చచ్చి పారేసినవాటిని తెచ్చి, బ్లీచింగ్ ద్రావణంలో సగం నీళ్ళు కలిపి వేశాను. చర్మం కరిగి ముళ్ళు ఊడి, గుండ్రటి బోలు గుల్ల మిగిలింది. దాన్ని ట్యూబ్‌లైటుకు అడ్డంగా పట్టుకుంటే లోపల అయిదు పట్టీల వెంట సన్నటి రంధ్రాలు వెలుగుతూ కనిపించాయి. అది నీటి పాదాలు బయటకు వచ్చే దారి. రంధ్రాలున్న పలకలు అయిదు జంట వరుసలు, రంధ్రాలు లేనివి అయిదు జంట వరుసలు, మొత్తం ఇరవై నిలువు వరుసలు. పైన నడినెత్తిన మలద్వారం చుట్టూ అయిదు జనన పలకలు, అందులో ఒకటి మాత్రం జల్లెడలా ఉంటుంది. నీళ్ళు లోపలికి వెళ్ళే జల్లెడ అది. నక్షత్ర చేపకి కూడా వీపు మీద అదే జల్లెడ ఉంది. నక్షత్ర చేప అయిదు చేతుల్నీ పైకి వంచి నెత్తిన కలిపి కుట్టేస్తే అర్చిన్ అవుతుందని మేడమ్ చెప్పినప్పుడు నా చేతులు వాటంతట అవే గాల్లో అలా వంగాయి. కింద నోట్లో అయిదు పళ్ళు, వాటిని పట్టి ఉంచే నలభై ముక్కల యంత్రం. అరిస్టాటిల్ దాన్ని లాంతరుతో పోల్చి వర్ణించాడు కనుక ఇప్పటికీ అరిస్టాటిల్ లాంతరనే అంటారు. ముక్కలన్నీ విడిపోయాక తిరిగి పేర్చడానికి నాకు రెండు రోజులు పట్టింది. పలకలు కలిసే మూలల్లో చిన్న గుంటలున్నాయి, ఆ గుంటలే దాని కుటుంబం టెమ్నోప్లూరిడే అని చెప్పాయి.

ఇన్ని సర్దుకున్నాక మిగిలినవి ఆ రెండు రాళ్ళు. తెల్లటి సున్నపు గొట్టాలు, పెన్సిల్ మందాన, పాముల్లా మెలికలు. డిపార్ట్‌మెంట్ అద్దాల బీరువాలో ఏళ్ళ తరబడి ఉన్నవి. రెండిట్లో ఒకదానికే పాత చీటీ ఉండేదట, సెర్ప్యులిడ్ పురుగు అని. నాకు ట్రే ఇచ్చేముందు అది తీసేశారు. రెండోదాని చీటీ ఎప్పుడో ఊడి పోయింది.

ఈ గొట్టాల్లో పురుగులుంటాయని పుస్తకంలో చదివి, రెండు రాళ్ళనూ అనెలిడాలోకి మార్చేశాను. వానపాము వర్గమే, సముద్రంలో సున్నపు గొట్టం కట్టుకుని, తలమీద విసనకర్రల్లాంటి రంగురంగుల తంతువులు బయటపెట్టి తిండి వడకట్టుకుంటుంది. కాస్త అలికిడి అయితే లోపలికి ముడుచుకుని మూత వేసుకుంటుంది. జనవరిలో సెమినార్ పెట్టారు. నా పదిహేను నమూనాల కథా వరుసగా చెప్పాను. గొట్టాల దగ్గరికి వచ్చేసరికి, "రెండో రాయి మీద ఒక గొట్టం నోట్లో మూత కూడా ఎండిపోయి మిగిలి ఉంది, కాబట్టి ఇది సెర్ప్యులిడ్ అని నిర్ధారణ" అన్నాను. ఆ మూత నా దగ్గర ఉన్న బలమైన సాక్ష్యం.

వేరే ఊరి నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసర్ ఒకాయన చివరి వరసలో కూర్చుని ఉన్నారు. గొంతు పెంచకుండా అడిగారు, "విరిచి చూశావా అమ్మా?"

లేదు సర్ అన్నాను.

"మూత ఏ అవయవం నుంచి వచ్చిందో చూశావా?"

ఆ ప్రశ్న నాకు అర్థం కూడా కాలేదు. మూత మూతే కదా అనుకున్నాను. టెన్షన్‌తో ఒళ్ళు చెమటలు పట్టింది, ఇంక మిగతా స్లయిడ్లు ఎలా చెప్పానో గుర్తులేదు.

ఆ సాయంత్రం మేడమ్ చిన్న ఆకు రంపం ఇచ్చి, రెండు రాళ్ళ మీదా ఒక్కో గొట్టం అడ్డంగా కోయమన్నారు. నాకు మనసొప్పలేదు, బీరువాలోని నమూనా పాడవుతుందని. "పాడవకుండా ఉండి ఇన్నేళ్ళూ అది మనకేం చెప్పింది?" అన్నారు. కోశాను. మొదటి రాయి గొట్టం లోపల సుద్దలా మొరటుగా ఉంది, గోడలో రెండు పొరలు. రెండో రాయి గొట్టం లోపలి గోడ నున్నగా, పింగాణీ గిన్నెలా మెరుస్తోంది. లెన్సుతో చూస్తే గోడలో మూడు పొరలు. ఇంక మొదలు వెతకమన్నారు. గొట్టం రాయికి అతుక్కున్న చోటి నుంచి సూదితో మట్టి తీసుకుంటూ వెనక్కి వెళితే, చిట్టచివర ఆవగింజంత చిన్న చుట్ట. రెండు మూడు చుట్లు శంఖంలా పొందిగ్గా తిరిగిన గుల్ల. ఆ గొట్టం పుట్టినప్పటి ఇల్లు.

అది పురుగు కాదు, నత్త. వెర్మెటిడ్ అంటారు. పిల్లగా ఉన్నప్పుడు మామూలు శంఖంలాగే చుట్లు తిరిగి, రాయికి అతుక్కున్నాక ఆ చుట్లు వదిలేసి గొట్టంలా పెరుగుతుంది. ఇక కదలదు కాబట్టి పాదంతో పాకాల్సిన పని లేదు. జిగురు దారాలతో వలలాంటిది నీటిలోకి వదిలి, అందులో చిక్కిన తిండిని వలతో సహా లోపలికి లాక్కుని తింటుంది. లోపల ఉన్నది ప్రావారం, రాడ్యులా, మొప్ప. స్క్విడ్ చుట్టం, లింపెట్ చుట్టం.

మూత సంగతి ఆ రాత్రి అర్థమైంది. సెర్ప్యులిడ్ పురుగు మూత ఏమిటంటే, తలమీది తంతువుల్లో ఒకటి మందంగా మారి బిరడాలా తయారవడం. వెర్మెటిడ్ మూత నత్త పాదం వెనకభాగం మీద స్రవించిన పలక, గుళ్ళ దగ్గర అమ్మే శంఖాల లోపల బతికున్నప్పుడు ఉండే మూత లాంటిదే. బార్నకిల్‌కీ మూత ఉంది కదా అని చూస్తే, అది ఆ జీవిని కప్పి ఉండే కవచంలోనే ఏర్పడిన నాలుగు పలకలు, రెండు జతలు, తలుపు రెక్కల్లా తెరుచుకుంటాయి. ఆటు వచ్చి నీళ్ళు పోయినప్పుడు ఎండిపోకుండా, పీతలు పీక్కుతినకుండా మూడు జీవులకీ కావాల్సింది ఒకటే, తలుపు. ఒకటి తంతువుతో చేసుకుంది, ఒకటి పాదం మీద పెంచుకుంది, ఒకటి కవచంతో కట్టుకుంది. మన తెలుగు పుస్తకాల్లో నిర్మాణసామ్యం, క్రియాసామ్యం అని రెండు మాటలుంటాయి. ఒకే మూలం నుంచి వచ్చిన అవయవాల పోలిక మొదటిది, మూలం వేరైనా పని ఒకటే కావడం రెండోది, దానికి ఉదాహరణ గబ్బిలం రెక్కా సీతాకోకచిలుక రెక్కా. ఇంటర్ నుంచి రాస్తూనే ఉన్నాను. ప్రొఫెసర్ గారు అడిగింది ఆ ప్రశ్నే, నేను గుర్తుపట్టలేదు.

నా మొదటి కుప్పకి కారణంగా కాగితం మీద ఏం రాశానో వెళ్ళి చదివాను: "అన్నీ రాయికి అంటుకుని ఉంటాయి, అన్నిటికీ గట్టి గూడు ఉంది." అంటే నేను జీవుల్ని వర్గీకరించలేదు. అలలు కొట్టే రాయి మీద బతకాలంటే ఏం కావాలో దాన్ని వర్గీకరించాను. అదీ తెలుసుకోవాల్సిందే, కానీ అది చుట్టరికం కాదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది, దాన్ని చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టు అవుతుంది. మేం చదివిన పాత పుస్తకాల్లో అనెలిడాకి ఆర్థ్రోపొడాని దగ్గర చుట్టంగా చూపేవారు, రెండిటికీ ఒళ్ళు ఖండాలు ఖండాలుగా ఉంటుందని. 1990లలో జన్యుక్రమాలు పోల్చడం మొదలయ్యాక అది మారింది. కుబుసం విడిచే ఆర్థ్రోపొడాలు, నులిపురుగులు ఒక పక్కకి వెళ్ళాయి, 1997లో ఆ సమూహానికి ఎక్డైసోజోవా అని పేరు పెట్టారు. అనెలిడా, మొలస్కా మరో పక్కన కలిసి ఉన్నాయి. రెండిటిలోనూ ఎన్నో జీవులు ట్రోకోఫోర్ అనే పిల్లదశతోనే మొదలవుతాయి, బొంగరంలా ఉండి నడుముకి కేశాల పట్టీ కట్టుకున్న పిల్ల. అంటే ఆ రెండు రాళ్ళ మీది గొట్టాలు ఒకటే అని నేననుకోవడం తప్పు, కానీ ఆ పురుగూ ఆ నత్తా ఒకదానికొకటి రొయ్యకంటే దగ్గర. ఒకప్పుడు వేరే వర్గంగా ఉన్న సిపంకులా పురుగుల్ని కూడా ఇప్పుడు అనెలిడాలోనే కలిపారు. నా రికార్డు పుస్తకంలో ఈ పేజీ పెన్సిల్‌తో రాశాను. మారితే మార్చాలి కదా.

పేర్లు రాయడానికి మాత్రం నేను అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు పట్టింది. హార్బర్ బార్నకిల్ మా పాత పుస్తకంలో బలానస్ యాంఫిట్రైట్. ఇప్పటి ప్రపంచ సముద్రజీవుల రిజిస్టర్‌లో యాంఫిబలానస్ యాంఫిట్రైట్ (డార్విన్, 1854). 2004లో దాని ప్రజాతి, అంటే పేరులో మొదటి మాట, మారింది. డార్విన్ పేరు కుండలీకరణాల్లో ఎందుకుందంటే, ఆయన ఈ జాతికి పేరు పెట్టినప్పుడు వేరే ప్రజాతిలో పెట్టాడని అర్థం. అలాగే స్క్విడ్, ఒకప్పటి లోలిగో దువాసెలి, ఇప్పుడు యూరోట్యూథిస్ దువాసెలియై. చూషకాల లోపల ఉండే వలయాల పళ్ళు లెక్కపెట్టి, మగదాని ఎడమ పక్క అడుగు చేతి మార్పు చూసి, జాతుల్ని గుర్తుపట్టే కీ పుస్తకంతో పోల్చుకుని అక్కడికి చేరాను. ఒక్క చిన్న కుండలీకరణంలో ఎవరు మొదట పేరు పెట్టారు, తర్వాత ఆ పేరు సరిదిద్దారా అన్న చరిత్ర ఇమిడిపోవడం నాకు చాలా నచ్చింది. పరీక్షలో దాన్ని వదిలేస్తే అరమార్కు పోతుందని మాత్రమే మాకెవరో చెప్పారు.

ఏప్రిల్‌లో బీరువాలోకి నమూనాలు తిరిగి సర్దుతున్నప్పుడు, రెండో రాయికి చీటీ రాయమని మేడమ్ నాకే ఇచ్చారు. మందపాటి కాగితం, పెన్సిల్. పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది, పెన్సిల్ కరగదు. బయట అంటిస్తే జిగురు ఎండి ఊడిపోతుంది కాబట్టి చీటీ నమూనాతోపాటే ఉండాలి.

వర్గం మొలస్కా. విభాగం గాస్ట్రోపొడా. కుటుంబం వెర్మెటిడే. అక్కడ ఆగాను. ప్రజాతి దాకా వెళ్ళాలంటే లోపలి జీవి కావాలి, అది ఎప్పుడో ఎండిపోయింది. ఊహించి రాయనా అని అడిగాను. "తెలిసిన చోట ఆగు, తర్వాతి వాళ్ళకి అదే సాయం" అన్నారు. కుటుంబం దగ్గరే వదిలేశాను. కింద స్థలం, తేదీ, లోతు, సేకరించినవారు అనే గళ్ళున్నాయి. ఏ తీరపు రాయో, ఎవరు ఎప్పుడు తెచ్చారో చెప్పేవాళ్ళు డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ లేరు. నాలుగు గళ్ళలోనూ "తెలియదు" అని రాశాను. రాస్తుంటే నిజంగా బాధేసింది, అన్నిటికంటే ముందు నింపాల్సిన గళ్ళు అవే.

మర్నాడు అమావాస్య, ఆటు బాగా దిగుతుంది. తెల్లవారుజామున మంగమారిపేట వైపు రాళ్ళ దగ్గరికి ఒక నోటు పుస్తకం, పెన్సిల్, లెన్సు తీసుకుని వెళ్ళాను. ఏదీ పీకలేదు. మొదటి రాతి గుంట దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఏ జీవి పేరూ రాయకముందే, పేజీ పైన స్థలం, తేదీ, సమయం రాసుకున్నాను.